ద్విభాషా పరిసరాల్లో స్పానిష్ వ్యాకరణ పరిణామం: క్షీణతా? కొనసాగింపా?

1847లో ఆంద్రెస్ బెల్యో అమెరికా ఖండంలోని స్పానిష్ భాషీయుల కోసం చిలీలోని శాంతియాగోలో కస్తీలియన్ వ్యాకరణాన్ని ప్రకటించాడు. లాటిన్ వలె స్పానిష్ కూడా ముక్కలై పరస్పరం అర్థంకాని మాండలికాలుగా మారవచ్చునన్న ఆందోళన దాని పీఠికలో కనిపిస్తుంది. మరుసటి ఏడాది కుదిరిన గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందం ద్వారా మెక్సికో ఉత్తర భూభాగంలో అధిక భాగం అమెరికా సంయుక్త రాష్ట్రాల వశమైంది. అక్కడి స్పానిష్ క్రమంగా పాలనకూ పాఠశాలకూ దూరమై ప్రధానంగా ఇంటిభాషగా మిగిలింది. 20వ శతాబ్దంలో మెక్సికో నుండి, కరీబియన్ దీవుల నుండి సాగిన వలసలు ఈ భాషీయుల సంఖ్యను పెంచాయి. ఇంగ్లీషు నీడలో మాతృభాషా వ్యాకరణం చెడిపోతున్నదన్న అభిప్రాయం కూడా వీటి వెంటే బలపడింది. ఆ అభిప్రాయానికి గల ఆధారాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ఆధారం పదరూపాలకు సంబంధించినది. న్యూ మెక్సికో స్పానిష్‌ను 20వ శతాబ్దారంభంలో శాస్త్రీయంగా వర్ణించినవాడు ఔరేలియో ఎస్పినోసా. అక్కడి గ్రామీణుల నోట వినిపించే 'త్రూహె' (తెచ్చాను), 'వీదె' (చూశాను), 'అసీనా' (అలా) వంటి రూపాలు చదువుకున్నవారికి అపభ్రంశాలుగా తోస్తాయి. నిజానికి అవి స్పెయిన్ నుండి వలసవచ్చిన తొలి తరాలతో వచ్చిన పాత రూపాలు. ప్రామాణిక భాష వాటిని విడిచిపెట్టింది. సరిహద్దు ప్రాంతం నిలుపుకొన్నది. కనుక ప్రమాణానికి భిన్నమైన ప్రతి రూపమూ సంపర్కం వల్ల పుట్టిందని అనుకోవడం పొరపాటు.

వాక్యనిర్మాణం విషయంలో సమస్య మరింత జటిలం. 'ఉండు' అనే అర్థంలో స్పానిష్‌కు రెండు క్రియలున్నాయి. స్థూలంగా 'సెర్' స్వభావాన్నీ, 'ఎస్తార్' స్థితినీ తెలుపుతాయి. ఇంగ్లీషులో ఈ భేదం లేదు. లాస్ ఏంజిలిస్‌లోని మెక్సికన్ మూలాల కుటుంబాల సంభాషణలను తరాలవారీగా పరిశీలించిన కార్మెన్ సిల్వా-కొర్వలాన్, వయసు, పరిమాణం, రూపం తెలిపే విశేషణాలతో 'సెర్' స్థానాన్ని 'ఎస్తార్' ఆక్రమిస్తున్నదని 1986లో చూపించింది. 'ఆమె యువతి' అనడానికి 'ఎస్ హోవెన్'కు బదులు 'ఎస్తా హోవెన్' అనడం ఇటువంటిది. అయితే ఇదే ధోరణి, తక్కువ స్థాయిలోనైనా, మెక్సికోలోని ఏకభాషీయుల్లోనూ కనిపించింది. అంతేకాక స్థానసూచనలో పాత స్పానిష్ 'సెర్'ను కూడా వాడేది. ఆ చోటును తరువాతి కాలంలో 'ఎస్తార్' పొందింది. శతాబ్దాలుగా సాగుతున్న ఈ విస్తరణను సంపర్కం వేగవంతం చేసిందే తప్ప కొత్తగా సృష్టించలేదు.

కోరికను, సందేహాన్ని, ఊహను తెలిపే సంభావనార్థక రూపాల చరిత్ర కూడా ఇటువంటిదే. లాస్ ఏంజిలిస్‌లో తరతరానికీ వీటి వాడుక కుదించుకుపోయింది. కానీ ఈ వర్గానికే చెందిన భవిష్యత్కాల రూపం ద్విభాషా పరిసరాల ప్రమేయం లేకుండానే స్పానిష్ వాడుక నుండి తొలగి, నేడు ప్రధానంగా న్యాయశాసన భాషలో మాత్రమే మిగిలింది.

మూడవ అంశం కర్తృ సర్వనామం. తెలుగులో 'మాట్లాడతాను' అన్నప్పుడు 'నేను' అని విడిగా చెప్పనక్కరలేనట్లే స్పానిష్‌లో 'ఆబ్లో' చాలు, 'యో' ఐచ్ఛికం. రికార్దో ఒతెగీ, ఆనా సెలియా సెంతెల్లా న్యూయార్క్‌లో ఆరు దేశాల మూలాలవారి భాషను పరిశీలించి, అక్కడే పెరిగినవారు కొత్తగా వచ్చినవారికంటే సర్వనామాలను ఎక్కువగా పలుకుతారని చూపించారు. అయితే 2012 నాటి తమ గ్రంథంలో వారు ఈ మార్పును ఇంగ్లీషుకు మాత్రమే ఆపాదించలేదు. సర్వనామాలను ఎక్కువగా వాడే కరీబియన్ మాండలికాలు, తక్కువగా వాడే ఇతర మాండలికాలు ఒకే నగరంలో కలవడం కూడా కారణమన్నారు. వాడుక పెరిగినా, సర్వనామం ఎప్పుడు రావాలో నిర్ణయించే నియమాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. రేనా తోరెస్ కకూలోస్, కేథరిన్ ట్రావిస్ న్యూ మెక్సికోలో జరిపిన పరిశోధన మరొక అడుగు ముందుకు వేసింది. 2018లో వెలువడిన వారి గ్రంథం ప్రకారం, రెండు భాషలనూ ఒకే సంభాషణలో కలిపి మాట్లాడేవారి స్పానిష్‌లో సైతం సర్వనామాల తీరు ఇంగ్లీషు వైపు ఒరగలేదు.

ఈ రెండు ఫలితాల మధ్య భేదాన్ని ఆయా సమాజాల చరిత్రతో కలిపి చదవాలి. ఒకటి భిన్న మాండలికాలు కొత్తగా కలిసిన వలసనగరం. మరొకటి తరతరాలుగా రెండు భాషలతో జీవిస్తున్న సమాజం. రెండు భాషలు పక్కపక్కన ఉండటం ఒక్కటే మార్పును నిర్ణయించదు. ఏ మాండలికం ఎవరి నుండి అందింది, భాషకు వాడుకరంగాలు ఎన్ని మిగిలాయి అన్నవి నిర్ణయిస్తాయి. క్షీణత లేదని దీని అర్థం కాదు. మూడవ తరంలో కొన్ని క్రియారూపాలు లోపించడం వాస్తవం. అయితే పాఠశాలలో ఆ భాష చదవని, ఇంటి వెలుపల దానిని వాడే అవకాశం లేని పిల్లల వ్యాకరణాన్ని మాడ్రిడ్ ప్రమాణంతో కొలిస్తే, తల్లిదండ్రుల వాడుకలో అప్పటికే ఉన్న భేదం కూడా పిల్లల దోషంగా లెక్కకు వస్తుంది. పోల్చవలసినది వారికి అందిన భాషతో.

తమిళనాడులో శతాబ్దాలుగా స్థిరపడిన తెలుగువారి భాషను, ఇటీవలి వలసలతో అమెరికాలో పెరుగుతున్న పిల్లల తెలుగును పరిశీలించేవారికి కూడా ఈ వివేచన అవసరం. కోస్తా ప్రామాణిక భాషతో పోల్చి దోషపట్టిక తయారుచేయడం సులభం. ఏ ప్రాంతపు తెలుగు, ఏ కాలంలో, ఎవరి ద్వారా అక్కడికి చేరిందో తేల్చిన తరువాతనే ఏది నష్టమో, ఏది పరిణామమో చెప్పడం సాధ్యమవుతుంది.