ఓడ బరువును కూడే పట్టిక

1948 మార్చి 14న విశాఖపట్నంలోని సింధియా నౌకానిర్మాణశాలలో జవహర్‌లాల్ నెహ్రూ 'జల ఉష'ను నీటిలోనికి విడిచారు. ఎనిమిది వేల టన్నుల ఓడ అది. అంతటి ఓడ ఎంత లోతు మునుగుతుందో కట్టకమునుపే తెలియవలె. కట్టి చూద్దామంటే కుదరదు. 1628లో స్టాక్‌హోం రేవులో 'వాసా' అనే యుద్ధనౌక తొలి ప్రయాణంలోనే ఒరిగి మునిగిపోయింది. ఆనాటి మేస్త్రీలకు అనుభవమే ఆధారం, లెక్క కాదు.

తేలే ఓడ బరువు, అది తొలగించిన నీటి బరువుకు సమానమని ఆర్కిమిడీస్ సూత్రం. కాబట్టి మునిగిన భాగపు ఘనపరిమాణం కావాలి. ఓడ పెట్టె కాదు, దాని ఒళ్లంతా వంపులే. స్వీడన్ నౌకాశిల్పి చాప్‌మన్ 18వ శతాబ్దంలో లండన్ వెళ్లి థామస్ సింప్సన్ వద్ద గణితం నేర్చి, ఆయన సూత్రాన్ని ఈ పనికి వాడాడు.

దోసకాయను చక్రాలుగా తరిగినట్లు ఓడను అడ్డుకోతలుగా ఊహిస్తారు. ఒక్కొక్క కోతకు ఒక చిన్న పట్టిక. ఒక కోతలో అడుగునుండి రెండేసి మీటర్ల ఎత్తున సగం వెడల్పులు 0, 3, 5, 6, 6 మీటర్లు అనుకొందాం. సింప్సన్ గుణకాలు 1, 4, 2, 4, 1. లబ్ధాలు 0, 12, 10, 24, 6, మొత్తం 52. దానిని 2/3తో హెచ్చిస్తే 34.67 చదరపు మీటర్లు, రెండు ప్రక్కలకు 69.33. వెడల్పులన్నీ కూడి (20), గుణకాలన్నీ కూడి (12), ఆ రెంటిని హెచ్చిస్తే వచ్చేది 240! వరుసవరుసకూ హెచ్చించిన పిమ్మటే కూడాలి.

కోతల మొత్తాలు పెద్ద పట్టికకు చేరతాయి. అక్కడ వాటిని మళ్లీ గుణకాలతో హెచ్చించి కూడతారు. 2/3 వంటి ఉమ్మడి గుణకాన్ని చివర ఒక్కసారే వేస్తారు. లేకుంటే ప్రతి కోతలోనూ కొంత దశాంశం రాలిపోతుంది. ఇదే పట్టికలో మొదట నీటిమట్టాల వెంబడి కూడి, తరువాత నిలువునా కూడినా అదే ఘనపరిమాణం రావాలి. రాకపోతే ఎక్కడో హెచ్చవేత తప్పింది. కొలతనే తప్పుగా ఎక్కిస్తే మాత్రం ఈ పరీక్ష పట్టదు.

1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు కాడ్ సమాచారాన్ని పట్టికలుగా అమర్చే నమూనాను ప్రకటించాడు. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పెద్ద పట్టిక ముఖ్యఫారం అయింది, చిన్న పట్టిక సబ్‌ఫారం అయింది. ఇక్కడొక చిక్కు. లబ్ధాలు తెరపై గడిలో కనబడతాయి, కాని ఆ గడి పేరు చెప్పి మొత్తం అడిగితే రాదు. మొత్తం కట్టే ఆజ్ఞ చూసేది పట్టికలోని మూల విలువలనే గాని, ఫారంమీది గడులను కాదు. అందుచేత సబ్‌ఫారం అడుగుభాగంలో 'వెడల్పు × గుణకం' అనే సూత్రాన్నంతటినీ తిరిగి వ్రాసి దాని మొత్తం కట్టాలి. ముఖ్యఫారం ఆ అడుగుగడిలోని 52ను మాత్రం తెచ్చుకొంటుంది.

ఓడ మొనవద్ద వెడల్పు శూన్యమైతే కాగితంమీద లెక్కగాడు 0 వ్రాసి ముందుకు పోతాడు. సబ్‌ఫారంలో ఒక్క వరుస కూడా లేక, కొత్తవి చేర్చే వీలూ లేకపోతే ముఖ్యఫారం 0 చూపదు, తప్పు గుర్తు చూపుతుంది. వరుసలున్నవో లేవో ముందుగా అడిగి, లేనప్పుడు 0 చూపమని విడిగా చెప్పవలసి ఉంటుంది.