వీధిబడిలో చురుకైన విద్యార్థి: 1823 నాటి బళ్లారి నివేదిక పునఃపరిశీలన

తోటివారికంటె వేగంగా గ్రహించే పసివాణ్ణి ప్రాథమిక తరగతిలో ఏం చేయాలన్న ప్రశ్నను మన విద్యాచర్చలు సాధారణంగా ఇరవయ్యో శతాబ్దపు ప్రజ్ఞామాపనంతో ముడిపెడతాయి. ప్రశ్న మాత్రం అంతకంటె పాతది. ‘ప్రతిభావంతులైన బాలలు’ అనే విభాగం ఏర్పడక ముందే మన వీధిబడి దానికి తనదైన ఆచరణను కల్పించుకుంది. ఆ ఆచరణ స్వరూపాన్ని బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. కంఠస్థమే వీధిబడి సర్వస్వమని చాలాకాలంగా స్థిరపడిన అభిప్రాయానికి ఆ నివేదికే ఒక ప్రధానమైన ఆధారం. అదే నివేదికలో ఆ అభిప్రాయాన్ని సడలించే సాక్ష్యం కూడా ఉందని నా ప్రతిపాదన.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల వారీగా పాఠశాలల వివరాలు కోరాడు. క్యాంప్‌బెల్ లెక్కలతో పాటు బోధనారీతిని కూడా వర్ణించి పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం 1882 వరకు బళ్లారి జిల్లాలో భాగమే కనుక ఈ నివేదిక తెలుగు విద్యాచరిత్రకు నేరుగా సంబంధించినది. అందులోని 533 పాఠశాలల్లో 226 తెలుగువి, 235 కన్నడవి. మొత్తం విద్యార్థులు 6,641 మంది. అంటే సగటున ఒక బడికి పన్నెండు, పదమూడు మంది మాత్రమే. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు ఉండేవనీ, విద్యార్థి తన శక్తినీ ప్రగతినీ బట్టి ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కేవాడనీ క్యాంప్‌బెల్ చెబుతున్నాడు. ఈ రెండు విషయాలనూ కలిపి చూస్తే తరగతికి ముగ్గురు నలుగురు. వయస్సుతో గాని, సంవత్సరాంతంతో గాని నిమిత్తం లేదు. వచ్చిన పాఠాన్నే మళ్లీ వింటూ తోటివారి కోసం ఆగవలసిన అవసరం చురుకైన పిల్లవాడికి ఈ ఏర్పాటులో చాలావరకు తప్పేది. అయ్యవారి సద్గుణం కంటె బడి పరిమాణమే అందుకు కారణమని భావించాలి.

ఇక్కడ ఒక చిన్న విషయం ప్రస్తావించదగినది. ఉదయం బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక మెల్లని దెబ్బ, ఆ తర్వాతివారికి వరుసగా దెబ్బలు పెరిగేవి. వాగ్దేవి పేరు దక్కింది వేళకు వచ్చినవాడికే గాని వాక్కు వచ్చినవాడికి కాదు. ప్రతిభకు అరచేతి గుర్తు ఏదీ లేదు. దానికి దక్కింది పని.

ఆ పని బోధన. కింది తరగతులు కొంతవరకు పెద్ద విద్యార్థుల అధీనంలో ఉండేవి. అయ్యవారు పై తరగతులను స్వయంగా చూస్తూ బడి మొత్తం మీద కన్ను వేసి ఉంచేవాడు. నేర్పేవాడి జ్ఞానం కూడా ఇందువల్ల స్థిరపడుతుందని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగినదేనన్నాడు. ఆ అనుకరణకు కర్త ఆండ్రూ బెల్. మద్రాసులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా ఉన్న కాలంలో దేశీయ బడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలో ఎనిమిదేళ్ల బాలుడి చేత చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పించాడు. 1797లో ఆ ప్రయోగాన్ని లండనులో ప్రకటించాడు. అయితే అక్కడ ఈ పద్ధతి వందలాది పిల్లలను ఒకే ఉపాధ్యాయుడితో చవకగా నడిపే సాధనమైంది. పన్నెండు మందిలో ఒకడు మరొకడికి దిద్దించడం వేరు, వందల మంది వరుసలకు బాలుణ్ణి కాపలా పెట్టడం వేరు. మొదటిది నేర్చుకోవడంలో భాగం, రెండోది జీతంలేని కొలువు. మన బడిలోనూ ఈ రెంటి మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండేదని చెప్పలేం.

పైకెక్కిన విద్యార్థికి దొరికిన చదువు ఏమిటి? విమర్శ మొదలయ్యేది ఇక్కడే. పద్యభాష వాడుకభాషకు దూరమనీ, అర్థం తెలియకుండా పిల్లలు చిలుకల్లా వల్లిస్తున్నారనీ క్యాంప్‌బెల్ ఫిర్యాదు. మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడైన వెన్నెలకంటి సుబ్బారావు కూడా మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి 1820లో దాదాపు ఇదే మాట విన్నవించాడు. స్వయంగా వీధిబడుల సీమ నుంచి వచ్చినవాడి మాట కనుక దాన్ని తోసిపుచ్చలేం. పాఠ్యక్రమం త్వరగా మారిందీ లేదు. 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం అయిదో యేట రాజమండ్రి వీధిబడిలో చేరి చదివినవాటిలో ఆంధ్రనామసంగ్రహము, అమరము ఉన్నాయి. మూడు దశాబ్దాల నాటి బళ్లారి జాబితాలోనూ ఈ నిఘంటువులు కనిపిస్తాయి. ఈ చదువులో చురుకైనవాడికి అదనంగా దొరికేది మరికొన్ని పద్యాలు, మరొక నిఘంటువు. పరిమాణం పెరుగుతుంది, కాఠిన్యం స్వభావం మారదు.

కాని నివేదికలోనే మరొక అంశం ఉంది. పై తరగతి విద్యార్థుల చేత రకరకాల చేతిరాతలను చదివించేవారు. అయ్యవారు అక్కడా ఇక్కడా సేకరించి తెచ్చిన ప్రభుత్వ ఉత్తరాలు, ఇతర ఉత్తరాలు ఇందుకు ఉపయోగపడేవి. ఆ తర్వాత ఉత్తరాలు రాయడం, ఒప్పందపత్రాల నమూనాలు తయారుచేయడం నేర్పేవారు. క్యాంప్‌బెల్ ఈ మాటలు చెప్పి ముందుకు సాగిపోయాడు. విద్యాచరిత్రకారులు మాత్రం ఇక్కడే ఆగాలి. గొలుసుకట్టు రాతను చదివి ఎరిగినవారికి దీని కష్టం వేరుగా చెప్పనక్కరలేదు. పదాల మధ్య ఎడం ఉండదు. ఒక కరణం రాసే ఒత్తు మరొక కరణం రాసే ఒత్తులా ఉండదు. దిగుబడి లెక్కలోని సంక్షేపాక్షరం ఇంటి ఉత్తరంలో కనిపించదు. పద్యాన్ని ముందే విన్నవాడు వల్లించగలడు గాని ఎవరో రాసిన ఉత్తరాన్ని విని ఉండడు కదా. సందర్భాన్ని బట్టి ఊహించి, ఆ ఊహను తర్వాతి పంక్తితో సరిచూసుకుని, తప్పైతే వెనక్కి రావాలి. అర్థం తెలియనిదే ఈ పఠనం సాగదు. పైగా ఈ పాఠానికి చివరి పుట లేదు. అయ్యవారు కొత్త ఉత్తరం తెచ్చినంత కాలం ఎంత చురుకైనవాడికైనా కొత్త కష్టం ఉంటుంది. పద్యాలు వల్లింపజేయడంలోని ఉద్దేశం ఉచ్చారణ స్పష్టత, ఎలాంటి రచననైనా తడబడకుండా చదవగలగడం అని కూడా నివేదిక అంటోంది. కంఠస్థాన్ని ఈ ఉత్తరాల పఠనానికి పూర్వరంగంగా చూస్తే చిలుకపలుకుల ఆరోపణ పూర్తిగా తొలగిపోదు గాని దాని బరువు తగ్గుతుంది.

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ అమరిక చెదిరింది. అచ్చు వాచకం అందరికీ ఒకే పాఠాన్ని, ఒకే చివరి పుటను ఇచ్చింది. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన ఫలితాల గ్రాంటు పద్ధతి మద్రాసు రాజధానికీ వచ్చింది. పరీక్షాధికారి ఎదుట నెగ్గిన తలలను బట్టి బడికి సొమ్ము వచ్చేటప్పుడు ఎలాగూ నెగ్గేవాడి మీద పెట్టే శ్రమకు అదనపు ఫలం లేదు. ఉపాధ్యాయుడి దృష్టి అంచున ఉన్నవాడి మీదికి మళ్లడం ఈ పద్ధతి తర్కంలోనే ఉంది.

ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ గ్రంథంలో ఈ నివేదికలను ప్రచురించిన తర్వాత వాటిని స్వర్ణయుగానికి సాక్ష్యంగా ఉదాహరించడం పరిపాటి అయింది. ఉత్తరాల కట్ట వరకు చేరినవారు ఎవరన్న ప్రశ్నను వదిలేస్తేనే అది సాధ్యం. 6,641 మందిలో బాలికలు 60 మంది. జిల్లా జనాభా 9,27,857. బడిలో ఉన్నది వెయ్యికి ఏడుగురు. ఐరోపా నూలు వస్త్రాల రాకతో చేతివృత్తులవారు చితికిపోయారనీ, లేత చేతుల కూలి కూడా ఇంటికి అవసరమై తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పిస్తున్నారనీ రాసింది కూడా క్యాంప్‌బెలే. మొదటి రెండు తరగతులూ నెలల్లో దాటిన నేతపనివారి పిల్లవాడు నాలుగో తరగతికి రాకముందే మగ్గం దగ్గరికి వెళ్లిపోతే, ఆ సంగతి బళ్లారి పట్టికల్లో ఏ గడిలోనూ నమోదు కాదు.