పీడీఎఫ్ పంపనా, వద్దా?

మొన్న సంక్రాంతికి తాడేపల్లిగూడెం వెళ్తే మా బావ అడిగాడు. "ఒరేయ్, 'చివరకు మిగిలేది' పీడీఎఫ్ నీ దగ్గరుందటగా, వాట్సాప్‌లో పడెయ్." పంపబోయి ఆగిపోయాను. ఆఫీసులో ఎవరైనా లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వేసుకుంటే నీతులు చెప్పేది నేనే. ఇంట్లో హార్డ్‌డిస్కు నిండా తెలుగు పుస్తకాల కాపీలున్నదీ నాకే!

ఒకప్పుడు కాపీ చెయ్యడం తప్పు కాదు, పుణ్యం. మా తాతగారిది కొల్లేరు లంకల్లో ఊరు. ఆ చెమ్మకీ చెదలకీ పుస్తకం నిలిచేది కాదు. ఎరువు తెచ్చుకున్న పుస్తకాన్ని ఆయన నోటుబుక్కులో పూర్తిగా రాసుకునేవారట. అంతకుముందు తాటాకుల కాలంలోనూ అంతే, నకలు రాసేవాడు లేకపోతే కావ్యం లేదు. 1820ల్లో మా పక్కనే బందరులో పనిచేసిన బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి మరీ నకళ్ళు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేశాడు. ఆయన్ని దొంగ అని ఎవరంటారు?

అచ్చు వచ్చాక లెక్క మారింది. ఏలూరు మంజువాణి ప్రెస్సు లాంటి చోట పుస్తకం వెయ్యాలంటే కాగితం, సిరా, కూలీ కావాలి. ఒకరు డబ్బు పెట్టి వేసినదాన్ని ఇంకొకరు ఊరికే వేసుకుంటే మొదటివాడు మునుగుతాడు, రచయితకీ ఏమీ రాదు. కాపీరైటు ఉన్నది అందుకే. మన 1957 చట్టం ప్రకారం రచయిత పోయాక 50 ఏళ్ళు హక్కు ఉండేది. టాగోర్ 1941లో పోయారు కాబట్టి ఆయన రచనల గడువు 1991తో ముగియాలి. సరిగ్గా అప్పుడే కదిలి, 1992 సవరణతో దాన్ని 60 ఏళ్ళు చేశారు.

ఆ పదేళ్ళే ఇప్పుడు మా బావకి అడ్డం పడ్డాయి. బుచ్చిబాబు ఏలూరువారే. 1916లో పుట్టి 1967లో పోయారు. పాత లెక్కయితే 2017తో హక్కు తీరిపోయేది. కొత్త లెక్కలో 2027 డిసెంబరు 31 దాకా ఉంటుంది. 1915లో పోయిన గురజాడతో ఈ పేచీ లేదు, 'కన్యాశుల్కం' ఎవరైనా ఎవరికైనా పంచుకోవచ్చు.

మరి నా హార్డ్‌డిస్కు ఎలా నిండింది? ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన రాజ్ రెడ్డి గారు ముందుండి 2000ల మొదట్లో పది లక్షల పుస్తకాల స్కానింగ్ మొదలెట్టించారు. అందులో భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ ఫైలు. రాత్రంతా దింపుకుని పొద్దున అతికించుకునేవాళ్ళం. హక్కులు తీరని పుస్తకాలూ అందులో కలిసిపోయాయి. తర్వాత ఆ సైటు మూతపడింది. కార్ల్ మాలమూడ్ అనే అమెరికా ఆయన 2017 నాటికి వాటిలో సుమారు 4 లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. అలా పెట్టబట్టే అవి ఇంకా మనకి కనిపిస్తున్నాయి.

చట్టంలోని 52వ సెక్షను సొంత చదువుకి కొంత వెసులుబాటు ఇస్తుంది. పుస్తకం మొత్తాన్ని పదిమందికీ పంచడం మాత్రం అందులోకి రాదు. తెలిసి చేస్తే 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. షాపులో దొరికే పుస్తకానికీ, ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ వెయ్యని పుస్తకానికీ శిక్షలో తేడా లేదు. హక్కుదారు జాడే తెలియకపోతే 31ఎ సెక్షను కింద లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, చదువుకోవడానికి ఒక పాత నవల కోసం అంత తిరిగేదెవరు?

చట్టం చూడని ఆ తేడాని మనం చూడాలని నా ఉద్దేశం. అమ్మకానికి ఉన్న పుస్తకాన్ని పంచితే ఒక అమ్మకం పోవచ్చు. అసలే వెయ్యి కాపీలు వేసి అవి అమ్ముడవడానికి ఏళ్ళు చూసే భాష మనది. ఎక్కడా దొరకని పుస్తకానికైతే ఆ కాపీయే ప్రాణం. తాతగారి నోటుబుక్కులాగే.

'చివరకు మిగిలేది' షాపులో దొరుకుతుంది. అందుకని పీడీఎఫ్ పంపలేదు, పుస్తకమే కొని బావకి పంపాను. "లక్షల జీతగాడివి, ఆ మాత్రం కొనలేవా అని ముందే అడగాల్సింది" అని నవ్వాడు.

హార్డ్‌డిస్కులో ఎక్కడా దొరకని పుస్తకాలు ఇంకా ఉన్నాయి. వాటిని చెరపలేదు. చెరిపితే ఎవరికి లాభమో చెప్పండి, అప్పుడు ఆలోచిస్తాను.