పందికొక్కు ఓడెక్కిన కథ

ఇంగ్లిష్ నిఘంటువులో ‘బాండికూట్’ కనబడితే కంగారు పడకండి. అది మన పందికొక్కే. కొక్కు అంటే ఎలుక. పందిలా గుర్రుమంటుంది, పందిలాగే నేల తవ్వుతుంది. పేరు పెట్టినవాడికి చెవీ కన్నూ రెండూ బాగానే ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లు మాటను తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నారు. ఆ ఎలుకల ప్రజాతికి శాస్త్రీయ నామం కూడా ‘బాండికోటా’యే.

18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియాలో మూతి సాగిన ఒక చిన్న జంతువును చూసి, దానికీ ఇదే పేరు తగిలించారు. అది ఎలుకే కాదు. కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జాతి.

అసలు తమాషా అక్కడి వాడుకలో ఉంది. ఆస్ట్రేలియా ఇంగ్లిష్‌లో బాండికూట్ క్రియ కూడా. “సమ్‌బడీ బాండికూటెడ్ అవర్ పొటేటోస్” అంటే, మొక్కలు పైకి పచ్చగా నిలబడే ఉన్నాయి, కింద దుంపలు మాత్రం ఎవరో తవ్వుకుపోయారని. పొలం గట్టు మీద నిలబడి చూస్తే దొంగతనం జరిగినట్టే తెలియదు! మనం ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మేశారంటాం గానీ, ఇంత ఒడుపైన క్రియ మనకు లేదు.

1996లో ‘క్రాష్ బాండికూట్’ వీడియో గేమ్ వచ్చింది. అది ఆడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, హీరోగారి ఇంటిపేరు తెలుగుదని చెప్పండి.