బారియా ట్రోఫీ, మన సికింద్రాబాదు కుర్రాళ్ళు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్ఫయ్యారేళ్ళు ప్రభుత్వ కార్యాలయాల్లో నోట్ ఫైళ్ళు రాసి, 2007లో రిటైరైన గుమాస్తాను. డెబ్భయ్యారో ఏడు నడుస్తున్నది. అయితే కాలేజీ రోజుల్లో నాలుగేళ్ళు క్రికెట్ స్కోరు పుస్తకం రాశాను. ఆడటం చేతకాక రాయడానికి కుదిరినవాణ్ణి. ఆ అర్హతతోనే ఈ వ్యాసం.

దీనికి కారకుడు మా మనవడు. ఇంగ్లండులో చదువుకుంటున్నాడు. మొన్న ఫోనుకు ఒక వీడియో పంపాడు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరుగెత్తుతుంటే, పదిమంది వాణ్ణి బురదలో పడేసి మీద పడుతున్నారు. మా ఆవిడ కంగారుపడి, "వాడికేమన్నా దెబ్బ తగిలిందేమో అడగండి" అన్నది. అది రగ్బీ అట. తమ యూనివర్సిటీ జట్టు అట. "తాతయ్యా, మీ కాలంలో యూనివర్సిటీల మధ్య పోటీలు ఉండేవా?" అని అడిగాడు. ఫోనులో చెప్పేంత చిన్న సంగతి కాదు, రాసి పంపుతానన్నాను.

ముందు వాడి ఆట సంగతి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య రగ్బీ పోటీ 1872లో మొదలైంది. 1921లో లండను దగ్గరి ట్వికెన్‌హామ్ మైదానానికి చేరి చాలా కాలం అక్కడే జరిగింది. ఈ ఆటకు మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. అది మన పెన్షనర్లకు, ముఖ్యంగా అకౌంట్సు సెక్షనులో పనిచేసినవారికి, నచ్చుతుంది. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఆంగ్లేయులు రగ్బీ ఆడి, తరువాత ఒక క్లబ్బు పెట్టుకున్నారు. నాలుగైదేళ్ళకే పల్టను బదిలీ అయిపోయి, మిగిలినవాళ్ళు పోలో, టెన్నిస్ వైపు పోయి, క్లబ్బు మూతపడింది. బ్యాంకు ఖాతాలో మిగిలిన సొమ్మును ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. దాన్ని వెండి రూపాయల్లో తీసుకుని, కరిగించి, మూడు నాగుపాముల పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి ఇంగ్లండు రగ్బీ సంఘానికి 1878లో ఇచ్చేశారు. 270 రూపాయలు కరిగాయంటారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఆ కప్పు కోసమే తలపడుతున్నాయి. క్లోజింగ్ బ్యాలెన్సును కరిగించి కప్పు చేయించడం! నా సర్వీసులో ఎవరైనా అలాంటి ప్రతిపాదన పెట్టి ఉంటే ఆడిట్ పార్టీ వాళ్ళు ఏమనేవారో సభ్యులు ఊహించుకోగలరు.

మన సికింద్రాబాదూ పల్టన్ల ఊరే. 1806లో సికందర్ జా పేరిట వెలసిన కంటోన్మెంటు. తిరుమలగిరి, బొల్లారం, పరేడ్ గ్రౌండు, అన్నీ దొరల దండు కవాతు చేసిన చోట్లే. దండు వెంట ఆటలూ వచ్చాయి. ఫుట్‌బాల్ మన పేదపిల్లలకు బాగా అబ్బింది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోం ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు. దాని మీద వేరే వ్యాసమే రాయాలి. నేను చదువుకున్న రోజుల్లో మా కాలేజీల్లో రగ్బీ లేదు. మాకు యూనివర్సిటీ పోటీ అంటే రోహింటన్ బారియా ట్రోఫీయే.

బారియా గారు బొంబాయి వాస్తవ్యులు. తమ కుమారుడు రోహింటన్ జ్ఞాపకార్థం ఆ ట్రోఫీని ఇచ్చారు. 1935-36లో విశ్వవిద్యాలయాల క్రికెట్ పోటీ దానితో మొదలైంది. మొదటి ఏడాది లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయం గెలిచింది. ఆ తరువాత బొంబాయి వాళ్ళు దాన్ని తమ ఇంటి బీరువాలో సామానులాగా చూసుకున్నారు. అజిత్ వాడేకర్ ఈ పోటీలో ఒక ఇన్నింగ్సులో 324 పరుగులు చేస్తే, సునీల్ గవాస్కర్ 327 చేసి ఆ రికార్డు దాటాడు. అటువంటివాళ్ళకు బంతి వేయవలసిన మనవాళ్ళ సంగతి ఆలోచించండి! ముందు దక్షిణ మండలంలో మదరాసు, మైసూరు, కేరళ, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలను దాటుకుని వెళ్ళాలి, అటుపైన బొంబాయి, ఢిల్లీ.

మండల జట్ల మధ్య పోటీకి 1966-67 నుంచి విజ్జీ ట్రోఫీ అని పెట్టారు. విజ్జీ అంటే మన విజయనగరం మహారాజకుమార్, విజయానంద గజపతిరాజు గారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకుడు. ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో ఇంటికి పంపించివేసిన వివాదం లోకవిదితం. మూడు టెస్టుల్లో కలిపి నాయకులవారు చేసినవి 33 పరుగులు. ఆయన ఆట గురించి అంతకంటే చెప్పనవసరం లేదు. కాని ఆయన పేరున్న ట్రోఫీ కోసం ఆడి పైకి వచ్చిన కుర్రవాళ్ళు ఎందరో ఉన్నారు గనుక, ఆయన ఖాతాలో ఆ పద్దు కూడా రాయాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అంతకంటే పాతదైన నిజాం కాలేజీ 1947 దాకా మదరాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండి, అప్పుడు ఉస్మానియాలో కలిసింది. ఆటగాళ్ళకు కొరత లేదు. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్పు మన సికింద్రాబాదు జింఖానా మైదానంలోనే జరుగుతుండటం వల్ల, దేశంలోని పెద్ద ఆటగాళ్ళను ఇక్కడి పిల్లలు టికెట్టు లేకుండా కంచె అవతల నుంచి చూసి నేర్చుకున్నారు.

వారందరిలో మా తరానికి దేవుడు ఎం.ఎల్. జయసింహ. 1939లో సికింద్రాబాదులో పుట్టి, మారేడుపల్లిలో పెరిగి, ఉస్మానియా క్రికెట్టులో రాటుదేలినవాడు. 1959లో ఇంకా విద్యార్థిగా ఉండగానే ఇంగ్లండు పర్యటనకు వెళ్ళి లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడాడు. మరుసటి జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద, ఒకే టెస్టులో అయిదు రోజులూ బ్యాటు పట్టుకుని మైదానంలోకి దిగిన మొదటి మనిషి అయ్యాడు. 1968లో ఆస్ట్రేలియాలో మనవాళ్ళు ఓడిపోతుంటే కబురు పెట్టి పిలిపించారు. విమానం దిగి, సరైన ప్రాక్టీసు కూడా లేకుండా బ్రిస్బేన్ టెస్టులో 74, 101 చేశాడు. ఆ టెస్టు 39 పరుగుల తేడాతో పోయింది. అప్పుడు రేడియో దగ్గర కూర్చున్నవాళ్ళం ఇప్పటికీ ఆ 39 గుర్తుపెట్టుకున్నాం.

జయసింహ కాలరు పైకి లేపి, మెడకు సిల్కు రుమాలు కట్టి నడిచేవాడు. మా వీధిలో ఆరుగురు అలాగే కాలరు లేపితే, మా నాన్నగారు నా ఒక్కడిదే దింపించారు. గవాస్కర్ తన కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. అందులోని 'జై' మన జయసింహే. 1999 జూలైలో ఆయన పోయారు.

ఆయన ఈడువాడే అబ్బాస్ అలీ బేగ్. హైదరాబాదు నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి చదువుకుంటుండగా, 1959లో మన జట్టులో ఒకరు గాయపడితే పిలుపు వచ్చింది. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు మాంచెస్టరులో తొలి టెస్టులోనే 112 కొట్టాడు. అంటే ఆ వేసవిలో ఒకే జట్టులో ఇద్దరు కాలేజీ పిల్లలు, ఇద్దరూ మన జంటనగరాల వాళ్ళు. ఈ మాట మా మనవడికి రాసేటప్పుడు రెండుసార్లు అండర్‌లైను చేశాను.

1971లో వెస్టిండీస్‌ను వాళ్ళ గడ్డ మీద మొదటిసారి ఓడించిన జట్టులో మన హైదరాబాదు ఆటగాళ్ళు అయిదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపరు పి. కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్. కృష్ణమూర్తి అయిదు టెస్టులూ ఆడాడు. జయంతీలాల్‌కు ఒక్క టెస్టు దొరికింది. గోవిందరాజ్ వేగంగా బంతి వేసేవాడు. ఆ పర్యటనకూ, ఆ వెంటనే ఇంగ్లండు పర్యటనకూ వెళ్ళి, ఒక్క టెస్టు కూడా ఆడకుండా తిరిగి వచ్చాడు. పెట్టె సర్దుకుని రెండు సముద్రాలు దాటి వెళ్ళి, పెవిలియనులో కూర్చుని రావడం ఎంత కష్టమో, ప్యానెల్ లిస్టులో పేరు ఉండీ ప్రమోషన్ రాని మనవాళ్ళకు వేరే చెప్పాలా?

ఇక్కడి దాకా పుస్తకాల్లో ఉన్న చరిత్ర. పుస్తకాల్లో లేనిది ఒకటి చెప్పాలి.

సీతాఫల్‌మండిలో నాకొక మిత్రుడు ఉండేవాడు. ఆయన శ్రీమతి వద్దన్నారు గనుక పేరు రాయడం లేదు. ఎడమచేతి స్పిన్నరు. మ్యాటింగ్ మీద అతని బంతి పడి ఎటు తిరుగుతుందో అతనికీ దేవుడికీ తెలియాలి. అతని ఓవర్లకు చుక్కలు పెట్టీ పెట్టీ నా పెన్సిలు అరిగిపోయేది. 1969లో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడి, పరీక్షలు వాయిదాపడి, మా చదువులు ఆలస్యమయ్యాయి. ఒక విధంగా దానివల్లనే అతనికి మరో సీజను దొరికింది. 1970 చివర్లో ఒకే వారంలో అతనికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి దక్షిణ మండల పోటీలకు ఉస్మానియా జట్టులో ఎంపికైనట్టు. రెండోది ఎల్.డి.సి.గా నియామకపు ఉత్తర్వు, పదిహేను రోజుల్లో చేరకపోతే రద్దు.

వాళ్ళ నాన్నగారు అప్పటికే రిటైరయ్యారు. పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఇద్దరు. మేమిద్దరం ఆ కార్యాలయానికి వెళ్ళి, గడువు మరో పది రోజులు పొడిగించమని అర్జీ పెట్టుకున్నాం. అక్కడి పెద్దమనిషి కాగితం చదవకుండానే వెనక్కి తోసి, "ఆటలాడుకునేవాళ్ళకు సర్కారు నౌకరీ ఎందుకు?" అన్నాడు. బయటికొచ్చి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ చల్లారిపోతున్నది. "ఏం చేయమంటావురా, నువ్వే చెప్పు" అన్నాడు.

నేను చేరిపొమ్మన్నాను.

అతను చేరాడు. జట్టు బయల్దేరిన రోజు సికింద్రాబాదు స్టేషనుకు ఇద్దరం వెళ్ళాం. తన స్థానంలో వెళ్తున్న కుర్రవాడికి కొత్త బంతి ఒకటి బహుమతిగా ఇచ్చాడు. రైలు కదిలాక, "రేపు పొద్దున పదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి" అన్నాడు, అంతే.

ఆ రోజుల్లో యూనివర్సిటీ పోటీల్లో నాలుగు వికెట్లు తీసినవాడిని బ్యాంకులవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆబిద్ అలీ స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదులో పనిచేసినవాడే. (2017లో ఆ బ్యాంకే విలీనమైపోయింది, 2025లో ఆబిద్ అలీ కూడా కాలిఫోర్నియాలో కన్నుమూశారు.) మా మిత్రుడు ఆ ఏడాది వెళ్ళి ఉంటే అతన్నీ ఎవరైనా పిలిచేవారా? పిలవకపోతే ఆ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఎట్లా అయ్యేవి? ఈ రెండు ప్రశ్నలనూ యాభై ఏళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. ఆయన నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని ఒక్కోసారి అనిపించేది. ఆఫీసుల మధ్య పోటీల్లో ఆదివారాలు బంతి వేసేవాడు. యు.డి.సి.లు, సూపరింటెండెంట్లు ఆ బంతికి తికమకపడి, "ఇదేం దిక్కుమాలిన ఆటయ్యా" అని తిట్టుకుంటూ పోయేవారు.

2019లో ఆయన పోయారు. ఫ్యామిలీ పెన్షను కాగితాలు నింపడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వదినగారు సర్టిఫికెట్ల ఫైలు తెచ్చి ముందు పెట్టారు. సర్వీసు రిజిస్టరు నకలుకూ ఎస్సెల్సీ మార్కుల జాబితాకూ మధ్యన, నాలుగు మడతలు పెట్టిన ఆ ఎంపిక ఉత్తరం ఉంది. వెనక పెన్సిలుతో నా చేతిరాత: 22 ఓవర్లు, 9 మెయిడెన్లు, 41 పరుగులు, 6 వికెట్లు. ఆ ఎంపికకు కారణమైన మ్యాచి లెక్క అది. ఇరానీ హోటల్లో అతను అడిగితే నేనే రాసి ఇచ్చానన్న సంగతి అప్పటిదాకా మరిచిపోయాను. "ఇది పెన్షనుకేమన్నా పనికొస్తుందా అన్నయ్యగారూ?" అని ఆమె అడిగారు. రాదమ్మా, కాని పారేయవద్దు అన్నాను. అయితే మీ దగ్గరే ఉంచండన్నారు.

ఇటీవలి సంగతులు క్లుప్తంగా. ప్రసిద్ధ వ్యాఖ్యాత హర్షా భోగ్లే ఉస్మానియాలో ఇంజనీరింగు చదువుతూ ఈ బారియా పోటీల్లోనే ఆడాడు. రగ్బీ కూడా మన దేశపు విశ్వవిద్యాలయాల్లోకి వచ్చేసింది. 2020లో భువనేశ్వరులో జరిగిన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లో అదీ ఒక అంశం. మన జింఖానా మైదానం ముందుగా వెళ్ళేటప్పుడు ఇప్పటికీ నేను ఆటో అద్దంలోంచి తొంగి చూస్తాను.

ఆ ఉత్తరాన్ని ఫోటో తీసి, ఈ వ్యాసంతోపాటు మనవడికి పంపాను. "ఈ తాతగారు తరువాత ఏ టీముకు ఆడారు?" అని అడిగాడు. మా డిపార్టుమెంటు పేరు రాసి పంపాను.

సభ్యులకు ఒక విన్నపం. 1950 నుంచి 1975 దాకా కాలేజీ, యూనివర్సిటీ జట్లలో ఆడినవారి ఫోటోలు, స్కోరు పుస్తకాలు, ఎంపిక ఉత్తరాలు మీ ఇళ్ళలో ఉంటే, పాత కాగితాలవాడికి వేయకముందే అసోసియేషన్ కార్యాలయానికి తెచ్చి చూపించండి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగింటి నుంచి నేను అక్కడే ఉంటాను. జిరాక్సు తీసుకుని అసలు కాగితం అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాను.