పాత కారుతో కొత్త కారు: హైదరాబాదులో వాహన మార్పిడి చరిత్ర – విలువ, పేరు, బాధ్యత

వ్యాససంగ్రహం:

పాత కారును అప్పగించి, పై సొమ్ము చెల్లించి కొత్త కారు తీసుకోవడం నేటి నగరజీవితంలో సాధారణ వ్యవహారం. ఈ పద్ధతి ఎప్పుడు, ఏ పరిస్థితులలో సాధ్యమైందో హైదరాబాదు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మార్పిడి అనే ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు చర్యలు ఉన్నాయని, ఒకటి విలువకు, మరొకటి పేరుకు సంబంధించినదని, మొదటిది వ్యవస్థగా స్థిరపడిన చాలా కాలానికి గాని రెండవదానికి తగిన చట్టరక్షణ ఏర్పడలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మార్పిడి, బదిలీ, మాసబ్ ట్యాంక్, మారుతి, రిజిస్ట్రేషన్, యాజమాన్యం, బాధ్యత.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులోని మాసబ్ ట్యాంక్ పేరులో చెరువు ఉంది, నేలమీద లేదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగంను ప్రజలు ‘మా సాహెబా’ అని గౌరవంగా పిలిచేవారు. ఆమె పేరిట వెలసిన చెరువు ‘మా సాహెబా ట్యాంక్’ అయి, జనవ్యవహారంలో ‘మాసబ్ ట్యాంక్’గా స్థిరపడిందన్నది ప్రసిద్ధమైన వివరణ. చెరువు ఉన్న చోట నేడు చాచా నెహ్రూ పార్కు, ఫ్లైఓవరు, ఎడతెగని వాహనాల వరుస కనిపిస్తాయి. వస్తువు పోయి పేరు మిగలడం స్థలనామ చరిత్రలో తరచుగా ఎదురయ్యే విషయమే. అయితే ఆ రోడ్డుమీద నడిచే కార్ల విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. పాత బండి మన ఇంటి నుంచి వెళ్లిపోతుంది; దానిమీద మన పేరు మాత్రం కొంతకాలం, ఒక్కొక్కసారి చాలాకాలం, మిగిలిపోతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఎడమే ఈ వ్యాసానికి ఆధారం.

2. సంత నుంచి షోరూము దాకా – మాటల పరిశీలన:

పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం తెలుగువారికి కారుతో వచ్చిన అలవాటు కాదు. పశువుల సంతలో రైతు వయసు మళ్లిన ఎద్దును ఇచ్చి, పైన కొంత సొమ్ము కలిపి కోడెను తోలుకొచ్చేవాడు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు తీసుకోవడం, పాత నగను కరిగించి కొత్తది చేయించుకోవడం ఈ కోవలోనివే. సంతలో దళారి తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి బేరం చేసేవాడు. ధర ఇద్దరికే తెలిసేది. పశువు వయసును పళ్లు చూసి చెప్పేవారు. నేడు ఆ పనిని కొంతవరకు కిలోమీటర్ల మీటరు, కొంతవరకు నంబరు పలక చేస్తున్నాయి. నగరం నడిబొడ్డు వాహనాలకు ‘ఏపీ 09’ ఉంటే రాష్ట్రావతరణకు పూర్వపు బండి. ‘టీఎస్ 09’ ఉంటే రాష్ట్రావతరణ తరువాతది. ‘టీజీ 09’ అయితే 2024 మార్చి తరువాత రిజిస్టరైనది. రాష్ట్ర చరిత్ర బండి వయసును చెప్పే గుర్తుగా మారిన సందర్భమిది.

ఇక్కడ రెండు మాటల తేడాను గమనించాలి. షోరూములో జరిగేది ‘మార్పిడి’ లేదా ‘ఎక్స్ఛేంజ్’. రవాణా కార్యాలయంలో జరిగేది యాజమాన్య ‘బదిలీ’. బదిలీకి మూలమైన అరబ్బీ ‘బదల్’కు కూడా ఒకదానికి బదులు మరొకటి అనే అర్థమే. కాని తెలుగు కార్యాలయ భాషలో అది ఒకరి పేరునుంచి మరొకరి పేరుకు మారడమనే అర్థంలో స్థిరపడింది. మూలార్థంలో దగ్గరివైన ఈ రెండు మాటలు వాడుకలో విడిపోయినట్లే, వాటి వెనుక ఉన్న రెండు చర్యలూ విడిపోయాయి. సంతలో ఎద్దు చేతులు మారితే వ్యవహారం ముగిసేది. కారు విషయంలో చేతులు మారడం సగం పని మాత్రమే.

3. మార్పిడికి తావులేని కాలం:

హైదరాబాదులో కారు మొదట రాచరిక చిహ్నం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం సిద్ధమైన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నగరానికి చేరకముందే, 1911లో ఆయన మరణించాడు. సింహాసనం వంటి ఆసనం గల ఆ బండి నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనవస్తువు. అటువంటి కారుకు వారసత్వం ఉంటుంది గాని మార్కెట్టు ఉండదు. పాతబడేకొద్దీ దాని గౌరవం పెరుగుతుంది.

స్వాతంత్ర్యానంతరం మధ్యతరగతి ఉన్నతవర్గానికి కారు చేరువైనా, మార్పిడి మాత్రం వ్యవస్థగా ఎదగలేదు. ఉత్పత్తికి లైసెన్సు, దిగుమతికి అడ్డు, అమ్మకానికి నియంత్రణ ఉన్న కాలమది. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ – ప్రధానంగా ఈ మూడే ఎంపికలు. 1959 నాటి మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు కింద కొత్త కారుకు పేరు నమోదు చేయించుకుని, వంతు వచ్చేదాకా ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది.

ఈ పరిస్థితిలో డీలరు పాత కారును ఎందుకు తీసుకుంటాడు? కొత్త కారుకు వరుసలో నిలబడ్డవారు చాలామంది ఉన్నప్పుడు కొనుగోలుదారుని ఆకర్షించవలసిన అవసరమే లేదు. మరోవైపు, వెంటనే దొరికే పాత కారుకు మంచి ధర పలికేది. కొన్నవాడు దానిని వదులుకునేవాడు కాదు. మరో కారణం రూపానికి సంబంధించినది. 1957లో మొదలై 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిన అంబాసిడర్ ఆకృతి ఆ ఆరు దశాబ్దాలలో మౌలికంగా మారలేదు. పదేళ్ల కిందటి బండికీ నిన్నటి బండికీ ముఖంలో పెద్ద తేడా లేనప్పుడు ‘పాతబడడం’ అంటే యంత్రం అరగడమే తప్ప, కంటికి పాతబడడం కాదు. అరిగిన యంత్రాన్ని మెకానిక్ బాగుచేస్తాడు. కంటికి పాతబడినదానిని మార్చడమొక్కటే మార్గం.

4. మార్పిడి వ్యవస్థగా మారిన క్రమం:

అమెరికాలో ఈ మలుపు 1920ల నాటికే వచ్చింది. జనరల్ మోటార్స్ సంస్థకు నాయకత్వం వహించిన ఆల్ఫ్రెడ్ స్లోన్, ఆ దశకంలో కార్ల మార్కెట్టును మార్చివేసిన నాలుగు అంశాలను తన గ్రంథంలో పేర్కొన్నాడు. అవి వాయిదాల అమ్మకం, పాత కారు మార్పిడి, పైకప్పు గల మూతబండి, ఏటేటా కొత్త నమూనా. మొదటిసారి కొనేవారి సంఖ్య తగ్గినప్పుడు, ఇప్పటికే కారు ఉన్నవాడి చేతే మరొకటి కొనిపించాలి. అందుకు అతని పాత కారు అడ్డంకి కారాదు, పెట్టుబడి కావాలి. మార్పిడి వెనుక ఉన్న తర్కం ఇదే.

మన దేశంలో ఈ తర్కానికి పునాది 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ కొనుగోలుదారునికి అందజేయడంతో పడింది. 1991 ఆర్థిక సంస్కరణల అనంతరం, 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానం తొలగిపోయింది. ఆ సంస్కరణల ప్రధాని పి.వి. నరసింహారావు పేరు పెట్టిన ఎక్స్‌ప్రెస్ వే మాసబ్ ట్యాంక్‌కు సమీపంలోని మెహదీపట్నం వద్దనే మొదలవుతుంది. 1998లో శాంత్రో, ఇండికా వంటి బండ్లు రావడంతో ఎంపిక విస్తరించింది. వరుసలో నిలబడవలసిన వంతు ఇప్పుడు డీలరుది. 2001లో మారుతి సంస్థ ‘ట్రూ వాల్యూ’ పేరుతో తానే పాత కార్ల వ్యాపారంలోకి ప్రవేశించింది.

అదే సంవత్సరం అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో జార్జ్ అకెర్‌లాఫ్ ఒకరు. పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఆయన 1970లో రాసిన వ్యాసం సుప్రసిద్ధం. బండిలోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి ధర తగ్గిస్తాడు. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మడు. బజారులో నాసిరకమే మిగులుతుంది. ఈ అనుమానాన్ని పూర్వం తెలిసిన మెకానిక్ మాట, బంధువు పూచీ తీర్చేవి. కంపెనీ పరీక్ష, ధ్రువపత్రం, వారంటీ ఆ స్థానాన్ని ఆక్రమించాయి. వ్యక్తిమీది నమ్మకం సంస్థమీది నమ్మకంగా మారడం ఈ దశలోని ప్రధాన పరిణామం.

5. ఒక ధరలో రెండు బేరాలు:

సంస్థ వచ్చినంత మాత్రాన తుండుగుడ్డ పూర్తిగా తొలగిపోలేదు. మార్పిడిలో కొత్త కారు ధర, పాత కారు ధర అనే రెండు బేరాలు ఒక్కటిగా కలుస్తాయి. ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలిద్దాం. కొత్త కారు ధర 8,00,000 రూపాయలు. డీలరు పాత కారుకు 2,00,000 కట్టి, కొత్తదానిమీద తగ్గింపు లేదంటాడు. మరొక డీలరు పాతదానికి 1,60,000 మాత్రమే కట్టి, 40,000 తగ్గింపు ఇస్తానంటాడు. ఇద్దరి దగ్గరా చెల్లించవలసింది 6,00,000 రూపాయలే. కాని మొదటివాడి దగ్గర తన బండికి విలువ దక్కిందని యజమాని సంతోషిస్తాడు.

పన్నుల చట్టం ఈ కలగలుపును అంగీకరించదు. వస్తుసేవల పన్ను నియమావళిలోని 27వ నియమం కింద ఇచ్చిన ఉదాహరణలో, పాత ఫోను ఇచ్చి 20,000 రూపాయలకు కొత్త ఫోను తీసుకున్నా, మార్పిడి లేనప్పుడు దాని ధర 24,000 అయితే పన్ను లెక్కకు 24,000నే విలువగా తీసుకోవాలి. కొనుగోలుదారు దృష్టిలో ఒకటైన వ్యవహారం చట్టం దృష్టిలో రెండు.

6. పేరు మారని బండి:

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో బదిలీ విషయాన్ని తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు ఇందుకే. ఆచరణలో ఈ క్రమం చెదురుతుంది. డీలరు తన పేరిట బదిలీ చేయించుకోడు. అసలు కొనుగోలుదారు దొరికేదాకా సంతకం చేసిన ఫారాలను దగ్గర ఉంచుకుంటాడు. నేరుగా అతని పేరుకే మారిస్తే ఒక బదిలీ ఖర్చు, చేతులు మారిన లెక్కలో ఒక అంకె మిగులుతాయి. ఈ ఆదా డీలరుది. మధ్యకాలంలోని ప్రమాదం పాత యజమానిది.

2019లో ఈ వ్యాసకర్త కుటుంబం మాసబ్ ట్యాంక్ ప్రాంతంలోని ఒక విక్రయకేంద్రంలో పదకొండేళ్ల కారును మార్పిడికి ఇచ్చింది. నాలుగు నెలల తరువాత నాన్నగారి ఫోనుకు ట్రాఫిక్ చలానా వచ్చింది. ఫోటోలో బండి మాది, నడుపుతున్న మనిషి ఎవరో తెలియదు. జరిమానా స్వల్పమే. కాని “అదే బండి ఎవరినైనా గుద్ది ఉంటే?” అని నాన్నగారు వేసిన ప్రశ్న స్వల్పమైనది కాదు.

ఆ ప్రశ్నకు సర్వోన్నత న్యాయస్థానం అప్పటికే సమాధానం చెప్పింది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో (2018) వాహనం ఒకరి తరువాత ఒకరిగా పలువురి చేతులు మారింది. రిజిస్ట్రేషనులో మాత్రం మొదటి యజమాని పేరే ఉంది. చట్టంలోని 2(30) నిర్వచనం ప్రకారం రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని, నష్టపరిహార బాధ్యత అతనిదేనని కోర్టు తీర్పు చెప్పింది. చేతులు మారిన వరుసను వెతికే భారం బాధితుని మీద పడరాదన్నది ఈ తీర్పు వెనుక ఉన్న న్యాయదృష్టి. బాధితుని పక్షాన అది సమంజసమే. అయితే దాని బరువు, బండిని ఎప్పుడో వదిలేసిన మనిషిమీద పడుతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2022 డిసెంబరులో కేంద్ర మోటారు వాహన నియమాలను సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సవరణ ప్రకారం, పాత వాహనాల డీలరు ముందుగా అధికార ధ్రువపత్రం పొందాలి. యజమాని వాహనాన్ని అప్పగించిన సమాచారం 29సీ ఫారం ద్వారా రవాణా శాఖకు చేరుతుంది. అప్పటినుంచి ఆ వాహనానికి డీలరే యజమానిగా పరిగణింపబడతాడు. ట్రూ వాల్యూ వచ్చిన ఇరవై ఏళ్ల తరువాత గాని డీలరు బాధ్యతకు చట్టరూపం రాలేదన్నది ఇక్కడ గమనార్హం.

7. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. కారు మార్పిడి కొరత కాలంలో పుట్టదు. వరుసలో నిలబడే వంతు కొనేవాడినుంచి అమ్మేవాడికి మారినప్పుడే అది వ్యవస్థ అవుతుంది. అమెరికాలో 1920లలో జరిగినది మన దగ్గర 1993–2001 మధ్య జరిగింది.

2. రూపం మారని కాలంలో కారు అరిగింది. నమూనాలు మారే కాలంలో కారు పాతబడింది. మార్పిడి ఈ రెండవ భావనమీద ఆధారపడినది.

3. పాత కారు ధరను నిర్ణయించే నమ్మకం మెకానిక్, బంధువుల నుంచి సంస్థలకు మారింది. అయినా రెండు బేరాలను కలిపి చూపడంలో సంతనాటి గోప్యత కొంత మిగిలే ఉంది.

4. మార్పిడి, బదిలీ అనేవి భిన్నమైన చర్యలు. మొదటిది షోరూములో పూర్తయినా రెండవది పూర్తయ్యేదాకా పాత యజమాని బాధ్యత తీరదు. 29సీ ఫారం ఈ ఎడాన్ని పూడ్చే ప్రయత్నం. ఆ సమాచారం రవాణా శాఖకు చేరినప్పుడే ఆ రక్షణ యజమానికి అందుతుంది.

మాసబ్ ట్యాంక్‌లో చెరువు లేకపోయినా మా సాహెబా పేరు మిగలడం ఆమెకు గౌరవం. వెళ్లిపోయిన బండిమీద సామాన్యుని పేరు మిగలడం మాత్రం అతనికి భారం. కొత్త కారు తాళాలు అందుకునే సంబరంలో అడగవలసిన ప్రశ్న “పాతదానికి ఎంత ఇచ్చారు?” అన్నదొక్కటే కాదు; “దానిమీద నా పేరు ఎప్పుడు తీస్తారు?” అన్నది కూడా.