టంకసాల తప్పా, మన చేతుల అరుగుదలా?

దుక్కి దున్నేటప్పుడు పాత నాణేలు బయటపడటం మనకు కొత్తేం కాదు. ఈ మధ్య ఏ నాణెం మీద కొంచెం వంకర కనబడ్డా "ఇది టంకసాల తప్పు, లక్షలు పలుకుతది" అని ఫోన్లల్ల ఫోటోలు తిరుగుతున్నయి. అందుకే ఈ సంగతి మొదటి నుంచి రాస్తున్న. చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ లోపం అచ్చు పడ్డప్పుడు వచ్చిందా, బయటికొచ్చినంక వచ్చిందా?

వెనకట నాణేలు సుత్తెతో కొట్టేవారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ వెండి బిళ్ళ. బిళ్ళ కన్నా అచ్చు పెద్దది, అందుకే అక్షరాలు సగం బయటికి పోయేవి. నిజాం పాత రూపాయి మీద పేరు పూర్తిగా లేదంటే అది తప్పు కాదు, అప్పటి పద్ధతే అది. 1903లో హైదరాబాద్ సైఫాబాద్‌లో యంత్రాల టంకసాల పెట్టినంక చార్మినార్ బొమ్మ నాణేలు ఒకే తీరుగ వచ్చినయి. అన్నీ ఒక్క తీరు ఉన్నప్పుడే కదా ఒకటి తేడా అని కనబడేది.

యంత్రంల పని ఇట్లుంటది. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కోస్తరు, వాటి అంచు కొంచెం లేపుతరు, తర్వాత చుట్టూ ఒక కట్టు పెట్టి రెండు అచ్చుల నడుమ ఒత్తుతరు. ఏ మెట్టు కాడ తప్పు జరిగితే దానికి తగ్గ గుర్తు పడతది.

కోసేటప్పుడు, అంతకుముందే బిళ్ళ తీసిన చిల్లు మీద మళ్ళీ కత్తి పడితే, కొత్త బిళ్ళకు చంద్రవంక లెక్క ఒక కోత వస్తది. దాన్ని అచ్చు కింద పెడితే కోత పక్కనున్న అక్షరాలు సాగి సన్నబడతయి, సరిగ్గా ఎదురువైపు అంచు కూడా పలచగ ఉంటది. ఇంట్ల కత్తెరతోనో ఆకురాయితోనో తీసిన ముక్కకు ఈ ఎదురువైపు గుర్తు ఉండదు. అక్షరం కోసిన కాడ కత్తిరించినట్టే ఆగిపోతది. నేను ముందుగా చూసేది ఇదే.

ఇంకోటి గీత. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కి, నాణెం మీద గీత ఉబ్బి ఉంటది. గోరుతో తడిమితే తగులుతది. నాగలి కర్రు తగిలిన గీత లోపలికి దిగి ఉంటది. అంత తేడా!

ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కొని ఉండిపోతే, తర్వాతి బిళ్ళకు ఒక వైపు సరైన బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి పడతది. దీన్ని నకలు చేసేటోళ్ళు రెండు నాణేలను పట్టుకర్రల పెట్టి బిగిస్తరు. అట్ల చేస్తే అవతలి వైపు బొమ్మ నలిగి చదునైపోతది, తిప్పి చూస్తే దొరుకుతది.

చిల్లికాణీ సంగతి కూడా చెప్పాలె. 1943 నుంచి 1947 దాకా యుద్ధకాలంల రాగి పొదుపు కోసం నడుమ చిల్లుతోనే చేసిన కాణీ అది, లోపం కాదు. చిల్లు నడుమ కాకుండా పక్కకు పడితే అప్పుడు ఆలోచించాలె. తాడు కట్టనీకి మేకుతో పొడిచిన చిల్లైతే ఒక వైపు లోహం పైకి లేచి గరుకుగ ఉంటది.

తూకం కూడా సాక్ష్యమే. 1992ల మొదలైన పాత ఉక్కు రూపాయి 4.85 గ్రాములు, పాత మందపు ఐదు రూపాయలు 9 గ్రాములు. బొమ్మ పక్కకు జరిగి పడ్డ అసలు తప్పు నాణెం తూకం దాదాపు పూర్తిగ ఉంటది, ఎందుకంటే లోహం ఎటూ పోలేదు. బొమ్మను రాకి తీసేస్తే తూకం తగ్గుతది. కంసాలి దగ్గర నిమిషంల తేలిపోతది.

ఇగ లక్షల సంగతి. కొంటమని ఫోన్ చేసి, ముందు కమీషన్, పన్ను కట్టమనేటోళ్ళు నాణెం చూడకుండనే ధర చెప్తరు. అక్కడనే అనుమానపడాలె. 2021 ఆగస్టుల రిజర్వ్ బ్యాంకు తన పేరు వాడుకొని ఇట్ల వసూలు చేస్తున్నరని జనాన్ని హెచ్చరించింది, పాత నాణేలు, నోట్ల వ్యవహారంల తాను ఏ కమీషనూ తీసుకోనని స్పష్టంగ చెప్పింది.

నిజంగనే అనుమానమున్న నాణెం దొరికితే చింతపండుతో తోమకండి. తోమితే పై పొర పోతది, అచ్చుల పడ్డ మెరుపు ఏదో, తర్వాత పడ్డ గీత ఏదో చూసేటోళ్ళకు తెలియకుండ పోతది. మట్టి మీద నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో అద్ది, కాగితంల చుట్టి పెట్టండి.